ఉరుముకి లేవని పిల్ల

ఆ వానాకాలం నాలుగు నెలల్లో మా తమ్ముడి కూతురు ఒక్క ఉరుముకీ నిద్ర లేవలేదు. అదంతా నా చేతి చలవేనని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

నా పని పసిపిల్లల తల పట్టుకోవడం. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు, నా ముందే చాలామంది నవ్వారు. ఆగకుండా ఏడ్చే పిల్లలు, పాలు సరిగా తాగని పిల్లలు, మెడ ఒకవైపే తిప్పే పిల్లలు, ఎంత జోకొట్టినా నిద్రపోని పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఒక అరచెయ్యి తల కింద, ఇంకో అరచెయ్యి నడుము కింద పెట్టి కదలకుండా కూర్చుంటాను. నొక్కను, రుద్దను, నూనె రాయను. చేతిమీద చిన్న నాణెం పెడితే ఎంత బరువు తెలుస్తుందో అంతకు మించి పిల్లమీద పడకూడదని ఈ విద్య శిక్షణలో మాకు నేర్పారు. తల ఎముకల కింద, వెన్ను పొడవునా నెమ్మదిగా ఒక కదలిక ఉంటుందనీ, అది చేతికి తెలుస్తుందనీ, అది సర్దుకుంటే పిల్ల సర్దుకుంటుందనీ నేర్పారు. నాకు తెలిసేది. తెలిసేదనే ఇప్పటికీ అంటాను. అంతకుముందు పన్నెండేళ్ళు ఒక ఆసుపత్రిలో విరిగి అతికిన కాళ్ళూ చేతులూ వంచి, జనం చేత అరిపించి, తిట్టించుకున్నదాన్ని. నా చేతికింద మనిషి ఏడవకుండా నిద్రపోవడం మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇక ఆ పాత పనికి పోలేదు.

మా ఇంటి ముందుగదే నా పనిగది. ఆ గదిలో చప్పుడు ఉండకూడదని నా పట్టుదల. చెప్పులు బయట, ఫోన్లు బయట, మాటలు బయట. గోడగడియారం టిక్కుటిక్కుమంటోందని తీయించేశాను. ఫ్యాను కిర్రుమంటే మా తమ్ముడు నిచ్చెన వేసుకుని ఎక్కి నూనె పోశాడు. తలుపు చట్రం చుట్టూ రబ్బరు అంటించాడు, కాలింగ్ బెల్ వైరు ఊడదీశాడు. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, చేతిలో పనిముట్టు లేకపోతే వాడికి తోచదు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. అమ్మా నాన్నా లేరు కాబట్టి నేనే పెంచాను. చిన్నప్పుడు తలనొప్పి వస్తే నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేవాడు. పెళ్ళయ్యాక భార్యతో పైవాటాలో కాపురం పెట్టాడు. మరదలు పైన కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది.

వానలు మొదలైన వారానికి పాపకి నలభై రోజులు. ఆ రోజు మధ్యాహ్నం పైవాటాలో అన్నాలు తింటూ ఉండగా మరదలు ఆసుపత్రివాళ్ళిచ్చిన కాగితం తెచ్చి నా పక్కన పెట్టింది. పుట్టిన మూడోరోజున పాప చెవులకి పరీక్ష చేశారు. రెండు చెవులకీ మళ్ళీ చెయ్యాలి, నెలలోపు తీసుకురండి అని అందులో ఉంది.

"రేపు వెళ్ళొద్దామనుకుంటున్నా వదినా," అంది. "నెల దాటి పది రోజులైంది."

"ఇంతకీ కాగితం ఇచ్చిన నర్సు ఏమంది?"

"చాలామంది పిల్లలకి పుట్టినప్పటి నీరు చెవుల్లో ఉండిపోతుందట. రెండోసారి చేస్తే సరిగ్గానే వస్తుందట. అయినా తీసుకురమ్మంది."

"నీరే కదా మరి! దానికోసం ఈ వానలో పసిగుడ్డునేసుకుని రెండు బస్సులు మారి పోతావా? చెవి పక్కనున్న ఎముక బిగుసుకుపోతే నీరు దిగదు. దాన్ని వదులు చెయ్యడం నా పనేగా. ఓ నాలుగు సార్లు నా చేతిలో పడనీ, అప్పుడు తీసుకెళ్దువుగాని. పరీక్ష కూడా శుభ్రంగా వస్తుంది."

"అక్క చెబుతోంది కదా," అన్నాడు తమ్ముడు. "నా తలనొప్పి పోగొట్టిందెవరనుకున్నావు?"

"మీ తలనొప్పి పోయిందో లేదో నాకు తెలీదు గానీ, తలకాయ మాత్రం మీ అక్క ఒళ్ళోనే వదిలేసి వచ్చారు," అంది మరదలు.

ముగ్గురం నవ్వాం. అందరికంటే నేనే గట్టిగా నవ్వాను. మరదలు కాగితం తీసి ఫ్రిజ్ మీద పెట్టింది.

ఆ మర్నాటినుంచి పాపకి నా చేతివైద్యం మొదలైంది. రెండు అరచేతులూ దోసిలిలా పెట్టి, అందులో ఆ తల పెట్టుకుని, చెవుల వెనక ఎముకలమీద ఉంగరపు వేళ్ళు ఆనించి కూర్చునేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో ఆ పిల్ల! మిగతా పిల్లలు పది నిమిషాలు గింజుకుని గానీ దారికి రారు, ఇది చెయ్యి తగలగానే కళ్ళు వాల్చేది. నా దగ్గరికొచ్చే ప్రతి పిల్లకీ ఒక కార్డు రాస్తాను. ఏ రోజు ఎలా ఉంది, ఏం మారింది అని రెండు ముక్కలు. ఇంటి పిల్ల కదా అని దీనికి మానలేదు, నా పనిలో నేనంత ఖచ్చితం మరి.

మూడో రోజు: వీధిలో లారీ హారను. కదల్లేదు. నరాలు కుదుటపడుతున్నాయి.

ఆరో రోజు: వరండా తలుపు దబ్బున పడింది. ఉలికిపాటు లేదు.

తొమ్మిదో రోజు: పెద్ద ఉరుము. లేవలేదు. చాలా బాగుంది.

నాలుగు సార్లన్నది పన్నెండైంది. మరదలు అడిగినప్పుడల్లా నేను ఇంకో వారం అనేదాన్ని. వానలు కూడా నా మాటకే వత్తాసు పలుకుతున్నట్టు తెరిపి ఇవ్వలేదు.

ఒకరోజు ఉదయం వరండా నిండా జనం. ఆరుగురో ఏడుగురో తల్లులు, ఒళ్ళో పిల్లలు, గోడవారగా నీళ్ళు కారుతున్న గొడుగులు. ఒక లావుపాటి బామ్మగారు మనవణ్ణి తెచ్చింది. వాడు గొంతు చించుకుని ఏడుస్తున్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస అని ఆవిడ అందరికీ చెబుతోంది. మరదలికి పని ఉందని పాపని నేను భుజాన వేసుకున్నాను, నిద్రపోతోంది. అప్పుడు పడింది ఉరుము. కిటికీ రెక్కలు అదిరాయి. పిల్లలందరూ ఒక్కసారి కెవ్వుమన్నారు, ఇద్దరు తల్లులు కూడా. నా భుజంమీది పిల్ల పెదవి కూడా కదపలేదు.

బామ్మగారు లేచి దగ్గరకొచ్చి పాప ముఖంలోకి తొంగి చూసింది. "ఏవమ్మా, ఈ పిల్లకేం మందు పెట్టావు?"

"మందేం లేదండీ. నా చేతులే."

"ముని పిల్లమ్మా ఇది! తపస్సులో ఉన్నట్టుంది. మా వాణ్ణీ ఇలాగే చేసి పెట్టు తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది."

"చేసేద్దాం," అన్నాను.

అంతే, ముని అనే పేరు పాపకి అతుక్కుపోయింది. ఆ తర్వాత నేను ఏదో వంకన పాపని రోజూ వరండాలోకి తెచ్చేదాన్ని. కొత్తగా వచ్చిన తల్లులు భయపడుతుంటే, మా మునిని చూడండి అనేదాన్ని. ఆ రోజు బామ్మగారి మాటకి నేను మురిసిపోతూ తలెత్తితే, మెట్లమీద మరదలు నిలబడి ఉంది. మెడలో కొలతల టేపు, చేతిలో కత్తెర. నవ్వలేదు. వచ్చి పాపని అందుకుని పైకి వెళ్ళిపోయింది. పొగిడితే దిష్టి తగులుతుందని కాబోలు అనుకున్నాను.

పాపకి మూడు నెలలు దాటాక ఒక ఆదివారం మరదలు నన్ను పైకి పిలిచింది. తమ్ముడు కూడా ఇంట్లోనే ఉన్నాడు. ముని నేలమీద చాపమీద పడుకుని కాళ్ళు ఆడిస్తోంది.

"వదినా, అది నన్ను చూస్తేనే నవ్వుతోంది," అంది మరదలు. "వెనకనుంచి ఎంత పిలిచినా పలకటం లేదు. కుట్టుకుంటూ పాడతాను కదా, దానికి ఆ ధ్యాసే లేదు. మిషను ఆపి ముందుకొచ్చి నిలబడితే అప్పుడు చూస్తుంది."

"మూడు నెలల పిల్ల పిలిస్తే పలుకుతుందా? ఏం కోరికలే నీవి!"

"పలకక్కర్లేదు. బెదరాలి కదా. కుక్కర్ పక్కన పడుకోబెట్టినా బెదరదు."

"బెదరకుండా చెయ్యడానికేగా రెండు నెలల్నుంచి నేను తంటాలు పడుతున్నది!"

ఆ మాట నేను నిజంగానే అన్నాను. మరదలు ఏదో అనబోతే నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి వెళ్ళి పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి, పాప తల వెనక రెండడుగుల దూరంలో ఎత్తునుంచి నేలకి వదిలాను. పళ్ళెం గిరగిరా తిరిగి మోగింది. ముని రెండు చేతులూ గాల్లోకి విసిరి, ముఖం చిట్లించి, కెవ్వున ఏడ్చింది.

"చూశావా?" అన్నాను.

తమ్ముడు గుండెలనిండా ఊపిరి పీల్చుకుని నవ్వేశాడు. "హమ్మయ్య. ఇంక ఆ చెవుల గోల వదిలెయ్. రాత్రిళ్ళు నన్ను కూడా పడుకోనివ్వటం లేదక్కా ఇది."

మరదలు పాపని ఎత్తుకుని గుండెకి హత్తుకుంది. "ఇంకోసారి వెయ్యండి," అంది నెమ్మదిగా.

"పిల్లని హడలగొట్టి చంపుతావా?" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "పిల్లలో ఏ లోపమూ లేదు. నీ బెంగే దానికి తగులుతోంది, తల పట్టుకుంటే నా చేతికి అదే తెలుస్తోంది. ఉంటే గింటే ఆ బిగుతు నీలో ఉంది. ముందు నువ్వు కుదురుగా ఉండు."

మరదలు మొగుడి వైపు చూసింది. వాడు వంగి పళ్ళెం తీసి, అంచు సొట్టపోయిందేమోనని వేలితో తడిమి చూస్తున్నాడు. ఆమె పాపని చంకనేసుకుంది. ఫ్రిజ్ మీది కాగితం తీసి మిషను సొరుగులో పెట్టేసింది.

నేనక్కడితో కూడా ఊరుకోలేదు. తల్లి కుదుటపడితే పిల్ల కుదుటపడుతుందని, మంగళవారం మంగళవారం మరదల్ని కూడా నా బల్లమీద పడుకోబెట్టి తల పట్టుకోవడం మొదలుపెట్టాను. వచ్చేది పాపం. పడుకుని పైకప్పు వైపు కళ్ళు తెరుచుకునే ఉండేది. కాసేపటికి ఆ కళ్ళలోంచి నీళ్ళు కణతల మీదుగా కారి నా అరచేతుల్లో పడేవి. నా కార్డు మీద నేను "బిగుతు విడుతోంది, మంచి గుర్తు" అని రాసుకున్నాను. ఆమె నా చేతుల్లోనే ఏడుస్తుంటే ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఆ గదిలో మాట్లాడకూడదు కదా.

తర్వాత ఆరేడు వారాలు ఇంట్లో ఏ గొడవా లేదు. పైన మిషను నడిచేది, కింద పిల్లలు నిద్రపోయేవారు. మరదలు కుట్టేటప్పుడు పాడటం మానేసిందని నాకు చాలా రోజుల తర్వాత గాని తట్టలేదు. తట్టినప్పుడు కూడా, పోనీలే, వరండాలో వాళ్ళకి ప్రశాంతంగా ఉంటుందని అనుకున్నాను.

వానలు వెనకపట్టాయి. ఒక మధ్యాహ్నం, నాకు తిండికి దొరికే ఆ గంటలో, మరదలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "ఒక్కసారి పైకి రండి వదినా," అంది. గొంతులో కోపం లేదు, బతిమాలటమూ లేదు.

పైన మంచంమీద రెండు పరుపులు వేసి ఉన్నాయి. వాటిమీద ముని దిండ్ల మధ్య కూర్చుని, కిటికీ వైపు తిరిగి ఖాళీ దారపు రీలు చీకుతోంది.

"ఆ రోజు మీరు పళ్ళెం నేలమీద వేశారు," అంది మరదలు. "పిల్ల కూడా నేలమీదే ఉంది."

"అయితే?"

ఆమె అదే పళ్ళెం ఎడమ చేత్తో గాల్లో పట్టుకుంది. పాపకి కనబడకుండా, నీడ కూడా పడకుండా వెనక్కి జరిగి, గరిటెతో బలంకొద్దీ కొట్టింది. నా చెవులు గింగురుమన్నాయి. మళ్ళీ కొట్టింది. ఐదుసార్లు కొట్టింది. పక్కింటావిడ కిటికీలోంచి తల బయటపెట్టి ఏమైందని అడిగింది. ముని రీలు ఇటు తిప్పి రెండోవైపు చీకడం మొదలుపెట్టింది.

నేను నోరు తెరిచేలోగా మరదలు పాపని దింపి, మిషనుకి వీపు పెట్టించి నేలమీద దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. మిషను తొక్కింది. పాప చటుక్కున పక్కకి తల తిప్పింది. ఆ తర్వాత ఆమె మిషను బల్ల నాలుగు కాళ్ళ కిందా యూనిఫారం గుడ్డలు మందంగా మడతలు పెట్టి దోపింది. మళ్ళీ తొక్కింది. మోత అంతే ఉంది. పాప తిరగలేదు.

"దానికి వినబడటం లేదు వదినా. నేల చెబుతోంది, అంతే. ఎవరో నడిస్తే తెలుసుకుంటుంది, తలుపు పడితే తెలుసుకుంటుంది. నేను పాడితే దానికేం తెలుస్తుంది?"

కుట్టుపని చేసుకునే మనిషి, ఒక పళ్ళెం, నాలుగు గుడ్డముక్కలు పెట్టుకుని తేల్చేసింది. నేను వేళ్ళ చివర్లకే కళ్ళూ చెవులూ ఉన్నాయని చెప్పుకునేదాన్ని. అంతా చూసి కూడా నా నోట వచ్చిన మాట ఇది: "నిద్రమత్తులో ఉందేమో."

మరదలు నన్నొక క్షణం చూసింది. "మీ కార్డు ఇవ్వండి," అంది. "డాక్టరుకి చూపించాలి. ఏ రోజు ఏం చేసిందో అన్నీ రాశారు కదా. నేను రాసుకోలేదు. నన్ను కుదురుగా ఉండమన్నారు."

మర్నాడు రెండు బస్సులు మారి అందరం వెళ్ళాం. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. పరీక్ష చేసే గది గోడలకి మెత్తలు దిగ్గొట్టి ఉన్నాయి. తలుపు జానెడు మందం. నా గదికంటే నిశ్శబ్దంగా ఉంటుందట లోపల. తల్లి ఒళ్ళో నిద్రపోతున్న పాప నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించారు. తలుపు మూసుకుంది. నేనూ తమ్ముడూ బయట బెంచీమీద గంటన్నర కూర్చున్నాం. వాడు తలుపు బిజాగరీలనే చూస్తూ కూర్చున్నాడు.

చెవుల డాక్టరు చిన్నది, ముప్పై ఏళ్ళుంటాయేమో. ముందు ఏవో గీతలున్న కాగితాలు చూసింది, తర్వాత నా కార్డు తీసుకుని చదివింది.

"ఇవి ఎవరు రాశారు?"

"నేనే," అన్నాను.

"చాలా బాగా గమనించారండీ," అంది ఆవిడ మనస్ఫూర్తిగా. "తేదీలతో సహా ఉంది. ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేరు. హారను, తలుపు, ఉరుము, కుక్కర్ విజిలు... నలభై రోజుల వయసునుంచే వినబడటం లేదని ఇందులో స్పష్టంగా ఉంది."

ఆవిడ కార్డు మళ్ళీ చూసింది. "చాలా బాగుంది" అని నేను రాసిన చోట వేలు ఆగింది. తలెత్తి నావైపు చూసింది. తర్వాత మరదలి వైపు తిరిగింది.

"నెలలోపు రమ్మని రాశారు కదమ్మా. ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదు?"

ఆ గదిలో జవాబు చెప్పాల్సిన మనిషిని నేను. నాకు తెలుసు, తమ్ముడికి తెలుసు. నేను కార్డుమీది నా రాతనే చూస్తున్నాను. తమ్ముడు తన బూట్లు చూసుకుంటున్నాడు.

"వానలండీ," అంది మరదలు.

డాక్టరు ఆమెనేమీ అనలేదు. రెండు చెవులకీ బాగా ఎక్కువ లోపం ఉందని చెప్పింది. ముందు చెవి మిషన్లు పెట్టి చూద్దాం, సరిపోకపోతే ఏడాది నిండాక ఆపరేషను చేసి లోపల పరికరం పెట్టాలి, ఆ తర్వాత మాట నేర్పించాలి అంది. "మాట రావడానికి మొదటి నెలలు చాలా విలువైనవి. పోయినవాటిని తేలేం. ఇక ఒక్క వారం కూడా పోనివ్వకండి," అంది. ఆ మాటలన్నీ మరదలికే చెప్పింది. ఆమె తప్పుచేసినదానిలా తలూపింది.

మాట నేర్పే చోటు ఆసుపత్రి పక్కనే ఉంది. రోజూ తీసుకెళ్ళాలి కాబట్టి అక్కడే ఇల్లు చూసుకున్నారు. అది కారణమే, అబద్ధం కాదు. వెళ్ళే ముందు రోజు తమ్ముడు నిచ్చెన తెచ్చి కాలింగ్ బెల్ వైరు మళ్ళీ కలిపాడు. నేను అడగలేదు. ఒకసారి నొక్కి చూశాడు, మోగింది. నిచ్చెన దిగి, పనిముట్లు సంచీలో వేసుకుంటూ, "నీ తప్పేం లేదక్కా అని చెబుదామని పొద్దుట్నుంచీ అనుకుంటున్నాను," అన్నాడు. "నోరు రావటం లేదు."

మరదలు గిన్నెలు సర్దుతుంటే నేను వెళ్ళి వెనక నిలబడ్డాను. నన్ను క్షమించమని అడగడానికే వెళ్ళాను. "నేను కావాలని చెయ్యలేదు," అన్నాను. అడగడానికి వెళ్ళినది వేరు, నోట వచ్చింది వేరు.

"తెలుసు," అంది. "మీరు అబద్ధం చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు వదినా."

నేను పని మానలేదు. మానేసి ఉంటే ఈ కథ చెప్పుకోవడానికి నాకు ముఖం ఉండేది. పిల్లలు వస్తూనే ఉన్నారు, నా చేతుల్లో నిద్రపోతూనే ఉన్నారు. ఒక్కటి మారింది. ఏ పిల్లనైనా ముట్టుకునే ముందు తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, వెనక్కి వెళ్ళి, స్టీలు గ్లాసుమీద చెంచాతో గాల్లో రెండుసార్లు కొడతాను. బెదిరితేనే చెయ్యి వేస్తాను. బెదరకపోతే చెవుల డాక్టరు దగ్గరికి పంపేస్తాను, ముందు అక్కడికి పోయి రండి అని. ఇప్పటికి ఇద్దర్ని పంపాను. ఆ లావుపాటి బామ్మగారు ఇంకో మనవరాల్ని తెచ్చినప్పుడు, "ఆ గ్లాసు మోత పెట్టినప్పట్నుంచీ నీ చెయ్యి ఇంకా బాగా పనిచేస్తోందమ్మా," అంది. వరండాలో అందరికీ చెప్పింది కూడా. నేను గ్లాసూ చెంచా తీసుకుని ఆ పిల్ల వెనక్కి వెళ్ళాను.

మూడో ఏడు వానలు మొదలైనప్పుడు, పైన వదిలేసిన మిషను బల్ల తీసుకెళ్ళడానికి వచ్చారు. బెల్ మోగితే తలుపు తీశాను. తమ్ముడు, వెనక మరదలు, ఆమె చెయ్యి పట్టుకుని ముని. దాన్నిప్పుడు ఎవరూ అలా పిలవరు. రెండు జడలు వేసుకుంది. రెండు చెవుల మీదా చిన్న మిషన్లు, వాటినుంచి సన్నని వైర్లు, చెవి వెనక పైభాగంలో, ఆపరేషను చేసిన చోట, తలకి అతుక్కుని గుండ్రటి బిళ్ళలు. సరిగ్గా నా ఉంగరపు వేళ్ళు ఆనించిన చోటికి కాస్త పైన.

"మాటలు వస్తున్నాయా?" అని తమ్ముణ్ణి అడిగాను.

"వస్తున్నాయక్కా. తోటి పిల్లలకంటే వెనకే ఉంది. అందుకుంటుందంటున్నారు."

వాళ్ళిద్దరూ పైకి వెళ్ళారు. పిల్ల వరండాలో గొడుగు చివరనుంచి కారే నీళ్ళు చూస్తూ నిలబడింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నేనెవరో దానికి తెలియదు. అప్పుడు ఉరిమింది. పెద్దదేం కాదు, ఎక్కడో దూరంగా. పిల్ల బెదిరిపోయింది. భుజాలు ఎగరేసి, ముఖమంతా నోరు చేసుకుని, బావురుమంది.

నా జన్మలో ఏ పిల్ల ఏడుపుకీ అంత సంతోషం కలగలేదు. ఆ సంతోషంలో నేను అన్నీ మరిచిపోయాను. వంగి, రెండు చేతులూ దోసిలిలా చేసి, ఆ తల పట్టుకోబోయాను.

"వద్దు," అంది మరదలు. మెట్లమీదనుంచి, గొంతు పెంచకుండానే అంది.

పిల్ల ఆమెకి వీపు పెట్టి ఉంది. అంత ఏడుపులోనూ, ఆ వానలోనూ, ఆ ఒక్క మాటకి ఏడుపు ఆపి గిర్రున వెనక్కి తిరిగింది. అమ్మని చూసింది. తర్వాత నావైపు తిరిగి, గాల్లో ఆగిపోయిన నా చేతుల్ని చూసింది.

"వద్దు," అంది. ప్రతి అక్షరం స్పష్టంగా పలికింది.